గుళ్ళో తుమ్మెద

గుళ్ళో తుమ్మెద వద్దమ్మా అని నిన్న సాయంత్రం తనే అన్నాడు. అన్నవాడు అక్కడితో ఊరుకోకుండా చేతిలో చెయ్యి వేయించుకుని మాట కూడా తీసుకున్నాడు. ఆ మాట ఇప్పుడు జోజికి గొంతులో చేపముల్లులా అడ్డం పడింది, మింగుడు పడదు, బయటికి రాదు. గుడి నిండా జనం. మగవాళ్ళ వైపు ముందు బెంచీలో, నడవ అంచున తను. అటు ఆడవాళ్ళ వైపు తన భార్య దీవెనమ్మ, పక్కన తన తల్లి అప్పలమ్మ, ఇద్దరి చేతుల్లోనూ జపమాలలు. పీఠం దగ్గర ఫాదర్ ప్రసంగం చెబుతున్నాడు, బాగానే చెబుతున్నట్టున్నాడు, పక్కబెంచీలో ముసలాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు, కానీ జోజి చెవిలో ఒక్క ముక్క పడితే ఒట్టు. చెవులు రెండూ వెనక ద్వారం దగ్గర కాపలా కాస్తున్నాయి. అక్కడ, జ్ఞానస్నానపు తొట్టి పక్కన, తెల్లబట్టల పిల్లల వరసలో అందరికన్నా చివర తన కూతురు విమల ఉంది. తిరిగి చూడాలని మెడనరాలు లాగుతున్నాయి. చూడకూడదు. చూస్తే అదీ చూస్తుంది, చూస్తే నవ్వుతుంది, నవ్విందంటే దాని చెయ్యి దానంతట అదే లేచి పక్కకి కొట్టుకుంటుంది. సంతోషం వచ్చినా భయం వచ్చినా విమల చేతులు ఒక్కలాగే ఎగురుతాయి. ఇంకాసేపట్లో ఆ చేతిలో వెలిగే కొవ్వొత్తి పెట్టబోతున్నారు.

ఈ గుళ్ళో ఆచారం అలాంటిది. మొదటిసారి సత్ప్రసాదం, అంటే ఫాదర్ నాలుక మీద పెట్టే పలచటి అప్పం, తీసుకునే పిల్లలు, తమకు పేరు పెట్టిన ఆ తొట్టి దగ్గర కొవ్వొత్తి వెలిగించుకుని, ఒకరి తరవాత ఒకరు, ఒంటరిగా, నడవ పొడుగునా నడిచి పీఠం దాకా రావాలి. తల్లి తోడు రాదు, తండ్రి చెయ్యి పట్టుకోడు. ఎవరు కట్టారో గానీ ఈ గుడి పొడుగు కూడా ఓడంత ఉంటుంది. ఫాదర్ మంచివాడే, విమలని కుర్చీలో కూర్చోబెట్టండి, నేనే కిందికి దిగి వచ్చి ఇస్తాను, మంచం పట్టినవాళ్ళకి ఇంటికి వెళ్ళి ఇవ్వడం లేదా అన్నాడు. ఆ మాట వినగానే విమల మెడ వంకరగా పైకెత్తి, ఒక్కో మాటనీ తవ్వి తీసినట్టు తీసి, "నాను మంచం పట్టలేదు ఫాదర్. నడిసే ఎల్తాను" అంది. దీవెనమ్మ ఆ రోజంతా ఏడ్చింది, ఏడుస్తూనే గౌను కుట్టింది, మంట అంటుకుంటుందని నైలాన్ వద్దని వెతికి వెతికి మెత్తటి నూలుగుడ్డ తెచ్చింది. మంట సంగతి సరే. పడితే? కిందటేడు స్కూల్లో పండగనాడు పద్యం చెప్పడానికి లేచి రెండడుగులు వేసి పడిపోయింది. దెబ్బ తగల్లేదు. హాలంతా నవ్వింది, అంతే. ఆ తరవాత వానలు వచ్చి వెళ్ళేదాకా గోడవైపు తిరిగి పడుకుంది, లేవమంటే లేవలేదు, అన్నం కూడా పడుకునే తింది. ఈసారి ఇంత జనంలో పడితే ఆ పిల్ల మళ్ళీ నేల మీద పాదం మోపదు. ఆ సంగతి జోజికి తెలుసు, దీవెనమ్మకి తెలుసు, దేవుడికి కూడా తెలిసే ఉంటుంది.

కరిగిన మైనం వాసన. పీఠం మీద పెద్ద ఒత్తి కాలుతోంది, ఆ వాసనకి రేవులో తను నడిపే క్రేను గ్రీజు వాసన గుర్తొచ్చింది, రోజూ పొద్దున్నే నిచ్చెన ఎక్కి కేబిన్ తలుపు తీయగానే మొహాన కొట్టే వాసన. అక్కడ ఎంత హాయి. కింద రేవు, ఓడ, అవతల నీళ్ళలోకి ముక్కు చాచిన కొండ, ఇనుపరాయి దుమ్ముతో ఎర్రబడ్డ గాలి. అక్కడ తనకి తెలియనిది ఏమీ లేదు. స్టీలుప్లాంటు కోసం దేశదేశాల నించి వచ్చే యంత్రాల పెట్టెలు, ఇళ్ళంత పెట్టెలు, ఓడ కడుపులోంచి లేపి గూడ్సుబండి మీద పువ్వు పెట్టినట్టు పెడతాడని తనకి పేరు. కింద నిలబడి చేతులతో సైగలు చేసే నీలకంఠం, "మా బావ సెయ్యి పడితే పెట్టెకి కూడా తెలీదురా దిగినానని" అంటాడు కొత్తగా వచ్చినవాళ్ళతో. కొక్కేనికి తగిలించిన బరువు గాలికి ఊగుతుంది, కొత్తవాడు కంగారుపడి వెనక్కి లాగుతాడు, లాగితే ఇంకా ఊగుతుంది. లాగకూడదు. అది ఎటు వెళుతోందో అటే క్రేను చెయ్యి పంపాలి, పంపి, సరిగ్గా దాని నెత్తి మీదికి చేరాక ఆగాలి, అప్పుడు అదీ ఆగుతుంది. ఇది ఎవరూ నేర్పలేదు జోజికి, చేతులే నేర్చుకున్నాయి. ఇన్ని తెలిసిన చేతులు కన్నకూతురి విషయంలో మాత్రం ఎంత పని చేశాయి.

పోర్టు క్వార్టర్స్‌లో ఇంటి ముందుగదికి అడ్డంగా ఒక ఇనపగొట్టం బిగించాడు, దానికి జారే కడియం, కడియానికి తాడు, తాడుకి పాత కాన్వాసు గుడ్డతో కుట్టిన తొడుగు. విమలని ఆ తొడుగులో నిలబెట్టి నడుముకి పట్టీ బిగిస్తే కడియం జరిగినకొద్దీ పిల్ల గది ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళేది, కాళ్ళు నేలకి తగిలీ తగలకుండా. ఎంత గర్వపడ్డాడు. కాలనీలో వాళ్ళందరూ వచ్చి చూశారు, అప్పలమ్మ ఎదురింటామెని పిలిచి మరీ చూపించింది, "మా జోజిగాడు పిల్లకి గూడా క్రేను కట్టినాడమ్మా" అని. పెద్దాసుపత్రి డాక్టరు, పిల్ల పుట్టినప్పుడు ఊపిరి అందక మెదడుకి కాస్త దెబ్బ తగిలింది, తెలివికి లోటు లేదు, కాళ్ళూ చేతులూ మాత్రం చెప్పిన మాట వినవు, మందు లేదు, కసరత్తు చేయిస్తూ ఉండండి అని చెప్పి పంపేస్తే, మందు లేకపోతేనేం నా దగ్గర తాడు ఉంది అనుకున్నాడు. ప్రపంచంలో లేపలేని బరువు లేదనుకునేవాడికి అంతకన్నా ఏం తోస్తుంది. రెండేళ్ళు నడిపించాడు అలా. రెండేళ్ళు.

ఆ కాన్వాసు తొడుగు చంకన పెట్టుకుని, భుజం మీద విమలని మోసుకుని, జాలారిపేటలో ఒక పాత వలల షెడ్డులో పిల్లలకి యోగాసనాలు నేర్పుతున్నారంటే వెళ్ళాడు. అచ్యుతరామయ్య మేష్టారు. హైస్కూల్లో డ్రిల్లు మేష్టారుగా చేసి మానేశాడు, ఎముకల గూడులాంటి మనిషి, గొడుగు లేకుండా కనపడడు, జేబులో ఎప్పుడూ వేరుశెనగ గుళ్ళు. నేను జబ్బు నయం చేస్తానని ఎవరైనా చెబితే వాళ్ళ మూతి పగలగొట్టు, ఉన్న ఒంటితో సంసారం చేయడం నేర్పుతాను, అంతే నా విద్య అన్నాడు మొదటి మాట. డాక్టరుగారి చీటీ చూసి, ఆయన్ని వెళ్ళి కలిసి మాట్లాడి వచ్చాకే పిల్లని తీసుకున్నాడు. జోజి ఊరుకోలేక షెడ్డు దూలానికి తాడు వేసి, తొడుగు తగిలించి, విమలని నడిపించి చూపించాడు. మేష్టారు గుళ్ళు నమలడం ఆపేశాడు. నేల మీద బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, విమల పాదాల వంక చాలాసేపు చూశాడు. లేచి చొక్కా దులుపుకుని, "ఏమయ్యా జోజీ, ఈ పిల్ల నిలబట్టం లేదు. వేలాడతంది" అన్నాడు.

ఎంత కోపం వచ్చింది ఆ మాటకి. ఇంటికి వెళ్ళేదాకా తిట్టుకున్నాడు, బస్సులో కిటికీ పక్క కూర్చుని తిట్టుకున్నాడు, ఒళ్ళో విమల మాత్రం కిలకిల నవ్వుతూ "నాన్నా, ఆయన నేల మీద పడుకున్నాడు" అంటూనే ఉంది. దానికి ఆ ఒక్క సంగతే నచ్చింది. తనని చూడటానికి అందరూ వంగుతారు, ఒకడు పడుకున్నాడు. ఆ రాత్రికి రాత్రే కాదు గానీ ఆ వారంలోనే గొట్టం విప్పేశాడు జోజి. గోడలో మిగిలిన చిల్లులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, దీవెనమ్మ పూడ్చనివ్వదు.

ప్రసంగం అయిపోయింది. అందరూ లేచారు, జోజి కూడా లేచాడు, అందరూ ఏదో అన్నారు, తనూ పెదవులు కదిపాడు. వెనక నుంచి ఒక దగ్గు వినపడింది, ఆ దగ్గు తనకి తెలుసు, మేష్టారు వచ్చాడు. రమ్మని పిలిస్తే, మీ గుళ్ళో నాకేం పనయ్యా అన్నవాడు వచ్చాడు, చెప్పులు మెట్ల కిందే విప్పి ఉంటాడు, గొడుగు ఎక్కడ పెట్టాడో. పక్కన చిట్టమ్మ కూడా వచ్చే ఉంటుంది, సన్నగా ఉప్పుచేపల వాసన వచ్చినట్టనిపించింది, లేదా తన భ్రమ. చిట్టమ్మ కూతురూ విమలతోపాటే నేర్చుకుంటుంది. గంప బయట దింపి షెడ్డులోకి వచ్చిన మొదటిరోజు చిట్టమ్మ పడ్డ అవస్థ చూసి తీరాలి. షెడ్డులో నియమం ఒకటే. పిల్లలు ఏదైనా చెయ్యొచ్చు, ఏడవొచ్చు, మానేసి పడుకోవచ్చు. తల్లిదండ్రులు మాత్రం గోడవార వరసగా కూర్చుని, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చోవాలి. పిల్ల పడ్డా లేవకూడదు, పిల్ల పిలిచినా చెయ్యి తియ్యకూడదు. "సేపలమ్మే సేతులు బావూ, ఊరకుండమంటే ఎలగుంటాయి" అని చిట్టమ్మ గోల. చెయ్యి ఎవరైనా తీస్తే పిల్లలే అరిచేవారు, అమ్మా సేతులు, నాన్నా సేతులు అని, వాళ్ళకి అదొక సంబరం. తాము చేసే ఆసనంలో తప్పులు పట్టే పెద్దవాళ్ళ తప్పు పట్టడం. జోజికి ఎన్నిసార్లు తిమ్మిరెక్కిందో. బరువులు ఎత్తడం కష్టమనుకునేవాడు, ఎత్తకుండా కూర్చోవడం అంతకన్నా కష్టమని ఆ షెడ్డులో తెలిసింది.

మేష్టారు మొదట వెల్లకిలా పడుకోవడం నేర్పాడు. పడుకోవడం కూడా నేర్పాలా అనుకున్నాడు జోజి. నేర్పాలి, ఆ పిల్ల ఒళ్ళు పడుకున్నప్పుడు కూడా విల్లులా బిగుసుకునే ఉండేది, నేలని నమ్మేది కాదు. నేల నిన్ను మోస్తుంది, నువ్వు దాన్ని మొయ్యక్కర్లేదు అని మేష్టారు మెల్లిగా చెబుతూ ఉంటే నెలల మీద ఒక్కో కీలూ వదులైంది. తరవాత పొర్లడం, పాములా తల ఎత్తడం, పిల్లిలా వీపు పైకి లేపడం, మోకాళ్ళ మీద నిలబడటం, గోడకి ఆని చెట్టులా నిలబడటం. మధ్యలో పడటం. అవును, పడటం కూడా పాఠమే, పడ్డం రానివాడికి నడక రాదయ్యా అని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళి మెత్తటి ఇసకలో పిల్లలందరి చేతా పడటం సాధన చేయించేవాడు, పక్కకి పడటం, కూర్చుని పడటం, నవ్వుతూ పడటం. తెప్పలు ఒడ్డుకి లాగుతున్న జాలరులు ఆగి చూసేవారు, ఇదేటి సదువురా నాయనా అని.

ఒకరోజు డ్యూటీ దిగి తొందరగా వెళ్ళాడు జోజి, ఇంకా ఎవరూ రాలేదు, షెడ్డు తలుపు ఓరగా ఉంది. లోపల మేష్టారు ఒక్కడే. ఎడమకాలు మడిచి తువ్వాలుతో గట్టిగా కట్టేసుకున్నాడు, రెండు మణికట్లకీ ఇసక నింపిన సంచులు కట్టుకున్నాడు, నేల మీద నుంచి లేచి నిలబడటానికి ప్రయత్నిస్తున్నాడు. లేవలేక పడుతున్నాడు, చెమటలు కక్కుతున్నాడు, ఏ చోట ఒళ్ళు మొరాయిస్తోందో అక్కడ ఆగి, కళ్ళు మూసుకుని, తనలో తనే ఏదో గొణుక్కుంటున్నాడు. ఆ వయసులో, ఆ ఎముకల గూడు. ముందురోజు మోకాళ్ళ మీద నుంచి లేవబోయి విమల ఏడ్చింది, ఎక్కడ నెప్పో చెప్పలేకపోయింది, అది కనుక్కుంటున్నాడు. జోజి తలుపు దగ్గరే ఆగిపోయాడు. అడుగు వెనక్కి వేసి, చప్పుడు కాకుండా బయటికి వచ్చి, గట్టు మీద కూర్చున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి, తుడుచుకోలేదు. తన బిడ్డ ఒంట్లోకి వెళ్ళి చూసి రావాలని తనకి ఎప్పుడూ తోచలేదు, తాడు కట్టి లాగాలనే తోచింది. పీఠం మీదున్న దేవుడి ముందు చెప్పకూడదు గానీ, ఆ పూట ఆ మనిషి కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

తుమ్మెద సంగతి కూడా ఆయన పెట్టిందే. కాదు, అప్పలమ్మ పెట్టించింది. చేరిన కొత్తలో పిల్లల చేత ఓంకారం పలికిస్తున్నాడని తెలిసి అప్పలమ్మ జపమాల పట్టుకుని షెడ్డుకే వచ్చేసింది. "బావూ, మేం గుడికెల్లే వోళ్ళం. ఆసనాలేస్తే ఏసుకోండి గానీ మా పిల్ల నోట మంత్రాలొద్దు" అని ముఖం మీదే అంది. జోజి సిగ్గుతో చచ్చిపోయాడు. మేష్టారు నవ్వి, "నాకు కావాల్సింది ఊపిరి అప్పలమ్మగారూ, పొడుగ్గా, సన్నగా, వణకకుండా వదిలే ఊపిరి. మీరు తుమ్మెదకి మతం చెప్పండి, దాన్ని బట్టి చూద్దాం" అన్నాడు. నోరు మూసి, పళ్ళు కరవకుండా, గొంతులోంచి మ్‌మ్‌మ్ అని ఒక్క ఊపిరి అయిపోయేదాకా. తుమ్మెద ఏ గుడికీ వెళ్ళదని తేల్చుకుని, అప్పలమ్మ సరే అంది. మంత్రం కన్నా అదే బాగా పట్టుబడింది విమలకి. ఆ మోత ఎక్కడో గుండెలో మొదలై దవడలో అదిరి, మెడలోకి, భుజాల్లోకి దిగేది, ఎగిరిపోయే చెయ్యి దానికి లొంగి కిందికి వచ్చేది, గాలిపటం దారం చుట్టినట్టు. గౌను బొత్తాం పెట్టుకునేటప్పుడు మ్‌మ్‌మ్. గ్లాసు నోటి దాకా తెచ్చుకునేటప్పుడు మ్‌మ్‌మ్. నడిచేటప్పుడు ప్రతి అడుక్కీ. మడమ, పాదం, ఊపిరి. చూస్తూ ఉండగానే ఇంటిల్లిపాదికీ అంటుకుంది, దీవెనమ్మ పులుసు కలుపుతూ మోగుతుంది, అప్పలమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ మోగుతుంది, అడిగితే నానేటి అన్నానూ అంటుంది. జోజి కేబిన్‌లో పెద్ద పెట్టె దింపుతూ మోగుతుంటే కింద నీలకంఠం, "బావా, ఓడ కూత ఏస్తందా నువ్వా" అని అరిచాడు. నిజమే, జోజి గొంతు తుమ్మెదది కాదు, విమల ఎప్పుడూ అదే అంటుంది, నాన్న తుమ్మెద కాదు ఓడ అని.

మరి అంత తెలిసినవాడు నిన్న ఎందుకు వద్దన్నాడు. నిన్న మధ్యాహ్నం గుళ్ళో పిల్లలందరి చేతా నడక సాధన చేయించారు, విమల నడిచింది, అడ్డంగా ఊగుతూనే నడిచింది, మోగుతూ నడిచింది. పాటలు పాడేవాళ్ళ గుంపులో ఎవరో ఇద్దరు ఆడపిల్లలు నోటికి పైట అడ్డం పెట్టుకున్నారు. అంతే. నవ్వారో, దగ్గారో. పిల్లల్ని వరసలో నడిపిస్తున్న సిస్టరు ఎవర్నీ ఏమీ అనలేదు, సత్ప్రసాదం వేళ గుళ్ళో సూది పడితే వినపడాలి పిల్లలూ అని మాత్రం అందరితో కలిపి చెప్పింది. ఆ నవ్వు వెనకే జోజికి స్కూలు హాలు నవ్వు గుర్తొచ్చింది. ఇంటికి వచ్చాక విమలని మెట్టు మీద కూర్చోబెట్టుకుని చెప్పాడు. ఈ ఒక్కసారికి మనసులో అనుకో తల్లీ, పైకి వద్దు. "మనసులో అంటే గొంతు అదరదు నాన్నా" అంది. ఈ ఒక్కసారికేనమ్మా, నా బంగారం కదూ. తన మొహంలోకి చూసి, "నీకు సిగ్గేటి నాన్నా?" అని అడిగింది. లేదమ్మా, ఛఛ, నాకేం సిగ్గు అన్నాడు, అంటూ చెయ్యి చాపాడు, అది తన చెయ్యి అందులో వేసింది, గురి తప్పి రెండోసారికి వేసింది. మాటిచ్చిందంటే విమల తప్పదు. ఆ సంగతే ఇప్పుడు భయం.

గంట మోగింది. మోకాళ్ళ మీద పడ్డ జనం లేచారు. పెద్దవాళ్ళ కన్నా ముందు పిల్లలు. పాట ఆగిపోయింది, సిస్టరు కోరినట్టే సూది పడితే వినపడేంత నిశ్శబ్దం, పైన కిటికీలో పావురాలు కూడా భక్తితో ఊరుకున్నాయి. మొదటి పిల్లవాడు నడిచి వచ్చాడు, కొత్త బూట్లు కిర్రుమంటూ. రెండో పిల్ల. ఒకరి వెంట ఒకరు, చిన్న చిన్న మంటలు జోజి మోచెయ్యి పక్క నుంచి వెళుతున్నాయి, ఎంత తేలిగ్గా నడుస్తున్నారు, ఏమీ ఆలోచించకుండా, నడక అనేది ఒకటి ఉందని తెలియకుండా. వీళ్ళెవరికీ నడవడం రాదు, కాళ్ళే వీళ్ళని తీసుకొస్తున్నాయి, ఈ గుళ్ళో నడక వచ్చింది ఒక్క నా కూతురికే అనుకున్నాడు. వరస అయిపోయింది. పీఠం దగ్గర ఫాదర్ తల ఎత్తి వెనక్కి చూస్తున్నాడు. జనం తలలు తిరుగుతున్నాయి. ఇంక జోజి కూడా తిరిగాడు.

వస్తోంది. మడమ, పాదం. తెల్లటి నూలుగౌను, తలకి మల్లెపూల వలయం ఒక చెవి మీదికి జారింది, రెండు చేతులా గుండెకి ఎదురుగా పట్టుకున్న కొవ్వొత్తి, దాని చుట్టూ కాగితపు దొప్ప. మడమ, పాదం, తల ఒకవైపుకి లాగుతోంది, కింది పెదవి పళ్ళ మధ్య బిగించింది. మోత లేదు. మాట నిలబెట్టుకుంటోంది. సగం దూరం దాటింది, ముప్పావు దాటింది, జోజి బెంచీకి ఇంకా కాస్త వెనక, కుడిమోకాలు వణకడం మొదలైంది. వణుకు నడుముకి ఎక్కింది, భుజానికి ఎక్కింది, కొవ్వొత్తి మంట పక్కకి వాలింది, మైనం చేతి మీద పడ్డట్టుంది, ఉలిక్కిపడింది. ఆగిపోయింది. ఎవరో లేవబోయారు, ఎవరో అయ్యో అన్నారు. పట్టుకోవాలి. రెండంగల్లో పట్టుకోవచ్చు, చంకల కింద చేతులు వేసి ఎత్తి పీఠం దగ్గర పెట్టొచ్చు, పువ్వులా పెట్టొచ్చు, ఎవరూ తప్పనరు, జాలిపడతారు, కన్నీళ్ళు పెట్టుకుంటారు. జోజి అప్పటికే సగం లేచాడు.

విమల తన వంక చూస్తోంది. పట్టుకోమని కాదు ఆ చూపు, అది తనకి తెలుసు, వేలాడే రోజుల్లో అలా చూసేది, ఇది అది కాదు. ఊగే బరువు పైకి చూసినట్టు ఉంది. నాన్నా, అననా అని అడుగుతోంది. మాటిచ్చి ఇరుక్కుపోయింది పిల్ల, వెనక్కి తీసుకోమని అడుగుతోంది. ఇంట్లో గొట్టం విప్పేసినవాడు నిన్న సాయంత్రం మళ్ళీ తాడు వేశాడు, కంటికి కనపడని తాడు, ఆ తాడు పైకి లాగడం లేదు, నోరు కట్టేస్తోంది. సిగ్గేటి నాన్నా అని అడిగితే లేదని అబద్ధం చెప్పాడు. సిగ్గే. అక్షరాలా సిగ్గే. ఆ ఎముకల గూడు మనిషి నేల మీద పడుకుని పాదాలు చూశాడు, ఒళ్ళు కట్టేసుకుని పడ్డాడు, తను ఇద్దరు ఆడపిల్లలు నోటికి పైట అడ్డం పెట్టుకున్నందుకు కూతురి ఊపిరి లాగేసుకున్నాడు. ఊగేదాన్ని లాగకూడదు జోజీ. అది ఎటు వెళితే అటు వెళ్ళు.

నోరు మూసి, పళ్ళు కరవకుండా, గొంతులోంచి తీశాడు. మ్‌మ్‌మ్. పెద్ద గుడి, ఎత్తు కప్పు, రాతిగోడలు, ఓడ రేవు దాటుతూ కూసినట్టే మోగింది. ముందు బెంచీల్లో జనం ఉలిక్కిపడి చూశారు. చూడనీ. ఊపిరి అయిపోయింది, మళ్ళీ తీసుకుని మళ్ళీ మోగాడు. ఈసారి ఆడవాళ్ళ వైపు నుంచి ఇంకో గొంతు కలిసింది, సన్నగా, పళ్ళూడిన నోట్లోంచి. అప్పలమ్మ. మంత్రాలొద్దన్న అప్పలమ్మ కళ్ళు మూసుకుని, జపమాల గుండెకి అదుముకుని మోగుతోంది. పక్కనే దీవెనమ్మ, ఏడుస్తూ, గొంతు విరుగుతూ. వెనక నుంచి చిట్టమ్మ. ఆ వెనక, అందరికీ అడుగున, నీటి అడుగు రాయిలా కదలకుండా నిలబడ్డ ఒక్క మోత, ఎవరిదో చెప్పక్కర్లేదు. ఫాదర్ సత్ప్రసాదపు గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

విమల బిగించిన పెదవి వదిలింది. అప్పుడు వినపడింది అసలు తుమ్మెద, తక్కినవాళ్ళందరి మోతనీ పక్కకి నెట్టి, సన్నగా, పొడుగ్గా, వణకకుండా. మంట నిటారుగా నిలబడింది. మోకాలు ఇంకా అదురుతూనే ఉంది, అదిరితే అదరనీ, అదురుతూనే నడిచింది, మడమ, పాదం, ఊపిరి, జోజి పక్క నుంచి దాటి, అతని వంక చూడనైనా చూడకుండా, మెట్టు ముందు ఆగి, ఒక చెయ్యి గాల్లో ఎగిరి మళ్ళీ కిందికి వచ్చేదాకా ఓపిగ్గా ఆగి, మెట్టు ఎక్కింది. క్రీస్తు శరీరము అన్నాడు ఫాదర్. "ఆమెన్" అంది విమల. ఆ ఒక్క మాటా గుడి చివర తొట్టి దాకా వినపడేటట్టు అంది. జోజికి ఏడుపు రాలేదు. నా కూతురు, అనుకున్నాడు, నా కూతురు.

తిరిగి వస్తోంది. మొహం నిండా నవ్వు, అందుకని చేతులు ఎగరాలని చూస్తున్నాయి, మోగి మోగి వాటిని అణుచుకుంటోంది, కొవ్వొత్తి ఆరలేదు. జోజి బెంచీ దగ్గరికి వచ్చి ఆగింది. ఏం చెబుతుందో అని జోజి వంగాడు. విమల కళ్ళు కిందికి, అతని రెండు చేతుల మీదికి వెళ్ళాయి. అప్పుడు చూసుకున్నాడు, రెండు చేతులూ బారచాపి నడవలోకి పెట్టి నిలబడి ఉన్నాడు, ఎప్పటినించో.

"నాన్నా, సేతులు" అంది విమల, షెడ్డులో అన్నట్టే, గట్టిగా.

జోజి బెంచీ మీద కూలబడి, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాడు.